పరీక్షల ముందు మా హాస్టల్లో నిద్ర తిరిగొచ్చిన విధం

విశాఖపట్నం మధురవాడలో ఒక బాలికల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. పరీక్షలు దగ్గరపడితే ఇంటర్ పిల్లలకు నిద్ర కరువే. ఒకమ్మాయి రక్తం వచ్చేదాకా గోళ్లు కొరుక్కునేది. లైట్లు తొందరగా ఆర్పితే దుప్పట్లో టార్చి వెలిగేది. తెల్లవారుజామున ఆసనాలు వేయించాను, కునికిపాట్లు పడ్డారు. పొరపాటు నాదే, అలసిన పిల్లల నిద్రను ఇంకా కోశాను.

2025 జూన్ 21న ఆర్కే బీచ్‌లో యోగా దినోత్సవానికి వెళ్లొచ్చాక వేళ మార్చాను. రాత్రి చదువు ముగియగానే పదిహేను నిమిషాలు. గోడకు కాళ్లు ఆనించి పడుకుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, చివర భ్రామరి, అంటే ఊపిరి వదులుతూ తేనెటీగలా గొంతుతో ఝుమ్మనడం. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. ముప్పై గొంతులు తేనెటీగల్లా ఒక్కసారి మోగుతుంటే నా కళ్లు చెమర్చాయి!

మూడో వారానికి టార్చీలు ఆగాయి. ఆ అమ్మాయి మొన్న చేతులు చాపి చూపింది. పెరిగిన గోళ్లకు గోరింటాకు.