జాజ్ సీజన్‌కి మొదటిసారి వెళ్తున్నారా? టికెట్ కొనే దగ్గర్నుంచి హాల్లో వినే దాకా

హాలు వాళ్ల ఆ ఏడాది కాన్సర్ట్‌ల లిస్ట్, అదే సీజన్ లిస్ట్, బయటికి రాగానే మనలో చాలామంది పేరు ఎక్కడో విన్నట్టుందే అనిపించిన ఆర్టిస్ట్‌కి టికెట్ కొనేస్తాం. జాజ్‌కి అలా వెళ్తే ఒక ఇబ్బంది ఉంది. స్టేజ్ మీదున్నవాళ్లు ఎంత గొప్పవాళ్లైనా సరే, వాయిస్తున్న పాట మనకి ముందే తెలియకపోతే వాళ్లు దాన్ని ఎక్కడ మార్చారో, ఎక్కడ వంచారో అర్థం కాదు, అరగంట అయ్యేసరికి అన్నీ ఒకేలా వినిపించడం మొదలవుతుంది. జాజ్ అంతా ఆ మార్చడంలోనే ఉంది కాబట్టి కొంచెం ముందు నుంచే తయారవ్వాలి. కష్టమేం కాదు, ఒక వారం సాయంత్రాలు చాలు.

ముందు టికెట్ల సంగతి. మొదటి ఏడాదే సీజన్ మొత్తానికి పాస్ కొనకండి. మూడు కాన్సర్ట్‌లు ఎంచుకోండి చాలు: ఒక చిన్న బ్యాండ్ (ముగ్గురుండే ట్రియో గానీ నలుగురుండే క్వార్టెట్ గానీ), ఒక బిగ్ బ్యాండ్ (ట్రంపెట్లు, శాక్సోఫోన్లు వరసలుగా ఉండే పెద్ద బృందం), ఒక వోకల్ గ్రూప్ (కలిసి పాడేవాళ్లు). మూడిట్లో వినే పద్ధతే వేరు. చాలా హాళ్లలో మనకి నచ్చిన మూడో నాలుగో కలిపి తీసుకునే ప్యాకేజీ ఉంటుంది, విడిగా కొనేదానికన్నా చవగ్గా వస్తుంది, కొన్నిచోట్ల తేదీ మార్చుకోనిస్తారు కూడా, ఆ రూల్ ఒక్కటి చదివి కొనండి. ఇంకో మాట, పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరుతో ఆగిపోకుండా కింద చిన్నగా ఉన్న పేర్లు చదవండి, బేస్ (కింది స్వరాలు పలికే పెద్ద తీగల వాయిద్యం) ఎవరు, డ్రమ్స్ ఎవరు అని. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959లో చేసిన కైండ్ ఆఫ్ బ్లూ ఆల్బమ్‌లో జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్ వీళ్లంతా పక్కన వాయించినవాళ్లే! ఇవాళ చిన్న అక్షరాల్లో ఉన్న పేరే పదేళ్ల తర్వాత మీకు ఇష్టమైన పేరు అవ్వచ్చు.

ఇక ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని. జాజ్ కాన్సర్ట్‌కి పాటల లిస్ట్ ముందే ప్రింట్ చేసి ఇవ్వడం తక్కువ, చాలాసార్లు స్టేజ్ మీదే చెప్తారు. అందుకని ఫలానా పాటే వస్తుందని కూర్చోకుండా, అందరూ వాయించే స్టాండర్డ్స్‌లో ఒకటి పట్టుకుని దాన్నే ముగ్గురి దగ్గర వినండి. నన్నడిగితే ఆటమ్ లీవ్స్ అనే పాటతో మొదలుపెట్టమంటాను. ముందు నాట్ కింగ్ కోల్ పాడింది వినండి, ట్యూన్ మీ నోటికి వచ్చేదాకా. తర్వాత కానన్‌బాల్ ఆడర్లీ 1958 రికార్డింగ్, అందులో ట్రంపెట్ మైల్స్ డేవిస్. ఆ తర్వాత బిల్ ఎవాన్స్ ట్రియో 1959లో చేసింది. పాట ఒకటే, కానీ ఆడర్లీ దగ్గర నిదానంగా నడిచి వచ్చినట్టుంటే ఎవాన్స్ దగ్గర పియానో, బేస్ ఒకదాని మాట మధ్యలో ఇంకోటి అందుకుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి చెవికి తగిలిందా, సగం పని అయిపోయినట్టే.

రెండో పని లెక్కపెట్టడం. ఇది చెప్తే కొంతమంది మొహం అదోలా పెడతారు, సంగీతం వినడానికి లెక్కలేంటి అని, కానీ నాకు జాజ్ తలుపు తెరిచింది ఇదే కాబట్టి గట్టిగా చెప్తున్నా. చాలా స్టాండర్డ్స్‌కి 32 బార్ల చట్రం ఉంటుంది, బార్ అంటే నాలుగు దెబ్బలు అనుకోండి. మొదట అందరూ కలిసి అసలు ట్యూన్ వాయిస్తారు, దాన్నే హెడ్ అంటారు. తర్వాత ఒక్కొక్కరూ సోలో తీసుకుంటారు, ఆ సోలో కింద కూడా అదే 32 బార్ల చట్రం మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది, మన తాళంలో ఆవర్తనం తిరిగినట్టే. చివర్లో మళ్లీ హెడ్. శాక్సోఫోన్ ఎంత దూరం వెళ్లినా కింద బేస్ ఆ చట్రాన్ని మోస్తూనే ఉంటుంది, అందుకే దారి తప్పారనిపిస్తే బేస్ వినండి. దీనికి కైండ్ ఆఫ్ బ్లూలో మొదటి పాట సో వాట్ అద్భుతమైన ప్రాక్టీస్. నెమ్మదిగా సాగే మొదలు అయిపోయాక ట్యూన్ బేసే వాయిస్తుంది, మిగతావాళ్లు రెండు కార్డ్‌లతో (కార్డ్ అంటే ఒకేసారి కలిసి మోగే కొన్ని స్వరాలు) జవాబిస్తారు. 16 బార్లు ఒక రంగులో నడిచి, 17వ బార్‌లో మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది, 8 బార్లు అక్కడుండి మళ్లీ కిందికి దిగి ఇంకో 8 బార్లు. వేళ్ల మీద లెక్కపెడుతూ మూడు నాలుగు సార్లు వినండి, ఆ తర్వాత లెక్కపెట్టకపోయినా ఒళ్లే చెప్తుంది ఇప్పుడు మారబోతోందని. నాకు మొదటిసారి అలా తెలిసిన రోజు వెంటనే పాట వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను, అంత సంతోషం వేసింది.

హాల్లో కూర్చున్నాక చెవులతో పాటు కళ్లు కూడా వాడండి. లీడర్ తల మీద చెయ్యి పెట్టుకున్నా, తల వైపు వేలు చూపించినా హెడ్‌కి తిరిగి వస్తున్నామని సైగ. నాలుగు వేళ్లు చూపిస్తే చాలావరకు ట్రేడింగ్ ఫోర్స్ అన్నమాట, అంటే నాలుగు బార్లు ఒకరు, తర్వాతి నాలుగు బార్లు డ్రమ్మర్, ఇలా మార్చి మార్చి వాయిస్తారు. డ్రమ్మర్ వంతు వచ్చినప్పుడు ట్యూన్‌ని మనసులో పాడుకుంటూ ఉండండి, సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ అందరూ వచ్చి పడతారు, చూడండి ఎంత బావుంటుందో.

చప్పట్ల సంగతి చాలామంది అడుగుతారు. సోలో అయిపోగానే పాట నడుస్తుండగానే కొట్టొచ్చు, అది మర్యాదే. కానీ నెమ్మదిగా సాగే బాలడ్ అయితే తర్వాతి సోలో మొదటి స్వరాలు మునిగిపోకుండా తేలిగ్గా కొట్టండి. పాట చివరి స్వరం పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టండి, ఆ సింబల్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లెం) మోత గాల్లో కరిగిపోవడం కూడా పాటలో భాగమే. పాటతో పాటు తాళం వెయ్యాలనిపిస్తే రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద వెయ్యండి, ఒకటి మూడు మీద వేస్తే స్వింగ్, అంటే జాజ్ ఊపు, బరువెక్కిపోతుంది.

ఇప్పుడు వోకల్ గ్రూప్‌లు. కొత్తవాళ్లకి వీటిని మించిన దారి లేదని నా గట్టి నమ్మకం. కార్డ్ అంటే ఏంటో పియానోలో వింటే తెలియనివాళ్లకి కూడా నాలుగు గొంతులు కలిసి పాడితే తెలిసిపోతుంది, ఎందుకంటే ఒక్కో స్వరం వెనకాల ఒక్కో మనిషి కనిపిస్తాడు. 1930ల్లో మిల్స్ బ్రదర్స్ అనే గ్రూప్ ఒక్క గిటార్ పెట్టుకుని ట్రంపెట్లు, బేస్ అన్నీ నోటితోనే పలికించేవాళ్లు. 1957లో లాంబర్ట్, హెండ్రిక్స్, రాస్ అనే ముగ్గురు కౌంట్ బేసీ ఆర్కెస్ట్రా అనే బిగ్ బ్యాండ్ పాటల్ని, అందులోని సోలోలతో సహా, మాటలు కట్టి తమ గొంతుల్నే ఒకదానిమీద ఒకటి రికార్డ్ చేసి పాడారు. ఇలా రికార్డులో ఉన్న సోలోకి మాటలు కట్టి పాడితే దాన్ని వోకలీస్ అంటారు. స్కాట్ వేరు, అందులో అర్థంలేని అక్షరాలతో అప్పటికప్పుడు కల్పించి పాడతారు. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960లో బెర్లిన్ కాన్సర్ట్‌లో పాట మధ్యలో మాటలు మర్చిపోయి, అక్కడికక్కడే కొత్త మాటలు అల్లేసి, ట్రంపెట్ వాయించి పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా అనుకరించి పాట ముగించింది, ఆ రికార్డింగ్‌కి గ్రామీ వచ్చింది. కాన్సర్ట్‌కి ముందు వోకలీస్‌కి మాన్హాటన్ ట్రాన్స్‌ఫర్ గ్రూప్ 1985 ఆల్బమ్, స్కాట్‌కి ఎల్లా, వాయిద్యాలు లేకుండా ఆరు గొంతుల కార్డ్‌లు ఎలా ఉంటాయో తెలియడానికి టేక్ 6, ఈ మూడూ వినేసి వెళ్లండి.

వాయిద్యాలు లేని గ్రూప్ అయితే ఇంకొకటి గమనించండి. పియానోని అన్ని శ్రుతుల్లో వాయించడానికి వీలుగా ప్రతి స్వరాన్నీ కొంచెం సర్దుబాటు చేసి ట్యూన్ చేస్తారు. గొంతులకి ఆ కట్టడి లేదు కాబట్టి మంచి గ్రూప్ మేజర్ కార్డ్‌లో (స, గ, ప కలిసినది) గాంధారాన్ని పియానో కన్నా దాదాపు 14 సెంట్లు కిందకి, అంటే అర స్వరంలో ఏడో వంతు కిందకి దించి పాడుతుంది. అప్పుడు కార్డ్ ఒక్కసారిగా గడ్డకట్టినట్టు నిలబడి, ఎవరూ పాడని పై స్వరం ఒకటి గాల్లో మోగినట్టు వినిపిస్తుంది. ఆగి ఆగి పాడే చోట్ల దీనికోసం చెవులు పెట్టండి. ఒక పాటంతా కింది గొంతు మాత్రమే వినండి, తర్వాతి పాటలో మధ్య గొంతు పట్టుకోండి, పై గొంతు ఎలాగూ వినిపిస్తుంది.

సీట్ల గురించి క్లుప్తంగా: వోకల్ గ్రూప్‌కి హాలు మధ్యలో మధ్య వరసలు, ముందు వరసలో కూర్చుంటే స్పీకర్ కన్నా దగ్గరున్న ఒకరి గొంతే ఎక్కువ వినిపించే ప్రమాదం ఉంది. పియానో ట్రియోకి మాత్రం స్టేజ్ వైపు చూస్తే ఎడమ పక్క తీసుకోండి, వేళ్లు కనిపిస్తాయి. బిగ్ బ్యాండ్‌కి వెనక్కి జరిగినా నష్టం లేదు, బాల్కనీలో అయితే ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు ఒక వరసకి ఇంకో వరస జవాబివ్వడం చక్కగా కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఆ రాత్రే, మర్చిపోకముందే, స్టేజ్ మీద చెప్పిన పాటల పేర్లలో గుర్తున్నవి రాసి పెట్టుకోండి. మర్నాడు అందులో ఒక పాట పాత రికార్డింగ్ వెతికి వినండి. రాత్రి విన్నదానికీ దీనికీ ఎక్కడెక్కడ తేడా ఉందో మీ అంతట మీరే పట్టుకుంటారు, రెండో కాన్సర్ట్‌కి అక్కణ్నుంచే మొదలుపెట్టండి.