ల్యాప్‌టాప్ కొంటున్నారా? నంబరు పూర్తిగా అడగండి

మా గోదావరి డెల్టాలో విత్తనాల కొట్టుకెళ్లి "వరి విత్తనాలు కావాలి" అని ఊరుకునే రైతు ఉండడు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి 7029 అంటాడు, దాళ్వాకి, అంటే రెండో పంటకి 1121 అంటాడు. రెండూ మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకాలే, బస్తాలో చూస్తే రెండూ ధాన్యమే. కానీ పంట ఎన్నాళ్లకి కోతకొస్తుందో ఆ నంబరు చెబుతుందని అతనికి తెలుసు. అదే రైతు కూతురికి ల్యాప్‌టాప్ కొనడానికి రాజమండ్రో కాకినాడో వెళ్తే "ఐ సెవెనేనా అండి? అయితే ప్యాక్ చేసెయ్యండి" అంటాడు.

నేనూ అలా అన్నవాణ్నే. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో మా మేనకోడలి కోసం ఒక కొట్టులో పాత ల్యాప్‌టాప్ కొన్నాను. "ఆయ్, ఐ సెవెనండి, ఎనిమిది జీబీ ర్యామండి, ఇంకేం చూస్తారండి" అన్నాడు కొట్టాయన. పైన ఒక్క గీత లేదు, కొత్తదానిలా మెరుస్తోంది. కొన్నాళ్లకి అమ్మాయి ఫోన్ చేసి "మావయ్యా, ఇది విండోస్ 11 తీసుకోనంటోంది" అంది. సెట్టింగ్స్‌లో చూసి నంబరు చదవమంటే ఐ7-4600యూ అని చదివింది. 2013 నాటి నాలుగో తరం చిప్పు, ఉన్నవి రెండే కోర్లు, అంటే చిప్పులో పనిచేసే చేతులు రెండే. కొట్టాయన అబద్ధమేమీ ఆడలేదు. అడగాల్సినదాంట్లో నేను సగమే అడిగాను.

ముందు పని రాసుకోండి

కాగితం మీద ఆ ల్యాప్‌టాప్‌తో ఏం చేస్తారో రాయండి. "అన్నీ" అని మాత్రం రాయకండి. ఆ మాట వినగానే కొట్టులో అన్నిటికన్నా ఖరీదైనది బల్ల మీదకి వస్తుంది.

రొయ్యల చెరువు లెక్కలు ఎక్సెల్‌లో వేసుకోవడం, దరఖాస్తులు నింపడం, డిగ్రీ చదువు, సినిమాలు. ఇంతవరకే అయితే ఈమధ్య తరాల ఐ3, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) సరిపోతాయి. బీటెక్ కంప్యూటర్స్ అయితే ఇంటెల్ ఐ5 లేదా ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5, ర్యామ్ 16 జీబీ చూడండి. "ఏఐ బ్రాంచి కదండీ, గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే" అని తల్లిదండ్రులని కంగారు పెడతారు. కాలేజీలో చేసే ఏఐ పాఠాలు చాలావరకు గూగుల్ కోల్యాబ్ లాంటి చోట బ్రౌజర్‌లోనే, ఉచితంగా చేసుకోవచ్చు. మెకానికల్, సివిల్ వాళ్ల త్రీడీ డ్రాయింగులకి, రోజూ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి మాత్రం విడిగా గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. మ్యాక్ మీద మనసున్న మెకానికల్ విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. త్రీడీ డ్రాయింగులు వేసే సాలిడ్‌వర్క్స్ మ్యాక్‌లో నేరుగా నడవదు.

బరువు కూడా ఆ కాగితం మీద రాయండి. గేమింగ్ ల్యాప్‌టాప్ చాలావరకు రెండు కిలోలు దాటుతుంది, దాని ఛార్జరే ఒక ఇటుక. అమలాపురం నుంచి రోజూ కాలేజీ బస్సులో వెళ్లొచ్చే పిల్లకి అది ఒక మోత. పైగా బ్యాటరీ మధ్యాహ్నం దాకా రావడమే కష్టం.

నంబరు చదవడం

ఇంటెల్ చిప్పుల్లో ఐ3, ఐ5, ఐ7 అన్నది ఇంటిపేరు లాంటిది. మనిషెవరో తెలియాలంటే గీత తర్వాత ఉన్న అంకెలు చూడాలి. అవి 1తో మొదలైతే మొదటి రెండంకెలు తరం, లేకపోతే మొదటి అంకె తరం. ఐ5-8250యూ ఎనిమిదో తరం, ఐ5-1235యూ పన్నెండో తరం, ఐ5-10210యూ పదో తరం.

తరానికి ఎందుకింత విలువ అంటే, ఐ7-7500యూ 2016లో వచ్చింది, దాంట్లో రెండు కోర్లు. మరుసటి ఏడు వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. పేరులో చిన్నది, పనిలో పెద్దది. పైగా కొద్ది మినహాయింపులు తప్ప విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ఏడో తరం, అంతకన్నా పాతది ఎంత చవగ్గా ఇచ్చినా నేనైతే వద్దంటాను.

చివరి అక్షరం కూడా చూడండి. యూ అంటే కరెంటు పొదుపుగా వాడేది, హెచ్ అంటే జోరుగా పనిచేసి వేడెక్కేది. ఇంటెల్ వాళ్లవే చవక చిప్పులు సెలెరాన్, ఎన్100 లాంటివి తేలిక పనులకే. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ పేర్లే మార్చేసింది. కోర్ అల్ట్రా 5, కోర్ అల్ట్రా 7 అని వస్తున్నాయి. అల్ట్రా అన్న మాట లేకుండా కోర్ 5 120యూ అని కనిపిస్తే అది పాత డిజైనుకి కట్టిన కొత్త చొక్కా. ధర తగ్గితే తీసుకోవచ్చు, కొత్త తరం అనుకుని మాత్రం కాదు.

ఏఎమ్‌డీ వాళ్లు ఇంకా గడుసువాళ్లు. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే నంబరులో తేడా పదే కదా అనిపిస్తుంది. మొదటిదానిలో నాలుగు కోర్లు, పాత జెన్ 2 డిజైను. రెండోదానిలో ఆరు కోర్లు, జెన్ 3. ఆ 7000 వరుసలో డిజైను ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె.

ర్యామ్, డిస్కు, తెర

కొత్తది కొంటూ 8 జీబీతో సరిపెట్టుకోవాల్సి వస్తే ఒక్క ప్రశ్న అడగండి. "ర్యామ్ పెంచుకోవడానికి స్లాటు ఉందా, బోర్డుకే అతికించేశారా?" అతికించేసినదైతే చివరిదాకా ఆ ఎనిమిదే. డిస్కు ఎస్ఎస్‌డీ అయి తీరాలి, వీలైతే 512 జీబీ. మరీ చవక మోడళ్లలో ఎస్ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ అనే నెమ్మది రకం 64 జీబీ పెడతారు, విండోస్ 11కి కనీసం కావాల్సిందే అంత. నాలుగు అప్‌డేట్లకి నిండిపోతుంది.

తెర గురించి ఎవరూ అడగరు, అందుకే కంపెనీలు అక్కడే మిగుల్చుకుంటాయి. వెలుగుని నిట్స్‌లో చెబుతారు. 250 అంటే గదిలో ఫరవాలేదు. అరుగు మీద కూర్చుని పనిచేసే అలవాటుంటే 300కి తగ్గకండి. తెరని వెనక్కి వంచి పక్కనుంచి చూడండి, రంగులు వెలిసినట్టయితే అది టీఎన్ అనే చవక రకం తెర. పక్కనుంచి చూసినా రంగులు నిలిచే ఐపీఎస్ రకం అడగండి.

కొత్తదా, పాతదా

నా లెక్క ఇది. బడ్జెట్‌లో కొత్త ఐ5, 16 జీబీ వస్తే కొత్తదే కొనండి. సెలెరాన్ మాత్రమే వచ్చే డబ్బులుంటే ఆ కొత్తదాని జోలికి పోకుండా, కార్పొరేట్ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ లాంటివి వెతకండి. వాటిని ఆఫీసుల్లో రోజంతా వాడటానికే గట్టిగా తయారుచేస్తారు. కీబోర్డు బాగుంటుంది. చాలా మోడళ్లలో ర్యామ్, డిస్కు, బ్యాటరీ మార్చుకోవచ్చు.

కొత్తదానికి వారంటీ ఎలాంటిదో చూడాలి. ఇంటికి వచ్చి చేస్తారా, మనమే మోసుకెళ్లాలా? ఇంటికొస్తామంటే మీ పిన్‌కోడ్‌కి వస్తారో లేదో కంపెనీ వాళ్లకే ఫోన్ చేసి అడగండి. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటి నరసాపురం చేరి, అక్కణ్నుంచి బస్సులో సర్వీస్ సెంటరుకి రెండుసార్లు తిరిగితే ఆ వారంటీ విలువ తెలిసొస్తుంది.

పాతదాన్ని కొట్టులోనే పరీక్షించండి

ఇక్కడ గంట పడుతుంది. ముందే చెప్పండి, "గంటసేపు చూసుకుంటానండి" అని. ఒప్పుకోని కొట్టులో కొనకండి. వెంట పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్స్, ఫోన్‌లో డేటా ఉండాలి.

వెలుతురులోకి తీసుకెళ్లి మూత తెరిచి మూయండి. తెర కీళ్ల దగ్గర కిర్రుమన్నా, ప్లాస్టిక్ విడిపోయినా దింపెయ్యండి. టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టుందా? కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, అది ప్రమాదం. సముద్రం దగ్గర ఊళ్లలో వాడినదైతే యూఎస్‌బీ రంధ్రాల్లోకి టార్చి వేసి తుప్పు చూడండి. ఉప్పుగాలి లోపల ఏం చేసిందో అక్కడే బయటపడుతుంది.

ఛార్జరు తీసేసి ఆన్ చేయండి. ఆన్ అవుతుండగా ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ నొక్కితే బయాస్, అంటే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది, కంపెనీని బట్టి మీట మారుతుంది. పాస్‌వర్డు అడిగితే అక్కడే ఆపెయ్యండి. అడగకపోతే అందులో కనిపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కరు మీది నంబరు ఒకటేనా చూడండి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ ఎప్పటిదో, చాలాసార్లు అసలు ఏ భాగాలతో వచ్చిందో కూడా తెలుస్తుంది.

విండోస్ తెరుచుకున్నాక నోట్‌ప్యాడ్‌లో ప్రతి మీటా నొక్కండి, ఒక్కటీ వదలొద్దు. తెరంతా తెల్లగా, తర్వాత నల్లగా ఉన్న బొమ్మ పెట్టి చుక్కలు వెతకండి. పెన్‌డ్రైవ్ ప్రతి రంధ్రంలోనూ పెట్టి తీయండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, కెమెరా, మైకు, స్పీకర్లు ఒక వీడియో కాల్‌తో ఒకేసారి చూసేయొచ్చు.

బ్యాటరీకి విండోస్‌లోనే చీటీ ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో పవర్ సీఎఫ్‌జీ అని కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దానికి ఆనించి బ్యాటరీ రిపోర్ట్ అని ఖాళీ లేకుండా కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది, ఎక్కడుందో అక్కడే చెబుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 31,000 ఉంటే ఆ బ్యాటరీలో మిగిలింది 62 శాతం. అరవైకి కిందుంటే కొత్త బ్యాటరీ ధర ఎంతో ఫోన్‌లో చూసి అంత తగ్గించమనండి. డిస్కుకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఆరోగ్యం ఎంత శాతమో, ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది.

ఆ తర్వాత యూట్యూబ్‌లో ఏదైనా వీడియో తెర నిండా పెట్టి అరగంట వదిలెయ్యండి. ఈలోగా టీ తాగండి. తిరిగొచ్చేసరికి ఫ్యాను మోటారు బోరులా మోగుతున్నా, వీడియో ఆగి ఆగి వస్తున్నా ఎందుకో అడగండి. కొన్నిసార్లు దుమ్ము తీసి, చిప్పు మీద వేడిని లాగే పేస్టు మారిస్తే సరిపోతుంది, అది వాళ్ల చేతే చేయించాలి.

చాలామంది వదిలేసేది ఇది. కంపెనీల నుంచి వచ్చిన కొన్ని యంత్రాలు ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే నమోదై ఉంటాయి. కొట్టులో బాగానే నడుస్తుంది. ఇంటికొచ్చి విండోస్ రీసెట్ చేశాక "ఇది ఫలానా సంస్థది, ఆ సంస్థ మెయిల్‌తో లాగిన్ అవ్వండి" అని గోడలా నిలబడుతుంది. అందుకే రీసెట్ కొట్టులోనే, వాళ్ల ముందే చేయించండి. నెట్‌కి కలిపి చేయించాలి, నెట్ లేకపోతే ఆ తాళం కనిపించదు. మ్యాక్‌బుక్ అయితే పాత యజమాని ఐక్లౌడ్ ఖాతా పూర్తిగా తీసేశాడో లేదో చూడాలి.

డబ్బు ఇచ్చే ముందు బిల్లు

కొత్తదానికైనా పాతదానికైనా బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. కొత్త ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానండి" అంటే ఆ తగ్గింపు వారంటీలోంచి కోసి ఇస్తున్నట్టే. ఎవరో వ్యక్తి దగ్గర కొంటుంటే అసలు బిల్లు చూపించమనండి, అమ్మినట్టు ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. దొంగ సొత్తు అని తెలిసో, అలా అనుకోవడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కొన్నవాడిదీ నేరమే. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డెలివరీ కుర్రాడి ముందే పెట్టె విప్పండి, సీలు కనిపించేలా మొదటి నుంచి వీడియో తీయండి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి.

ఇంటికొచ్చాక

లోహపు ల్యాప్‌టాప్ ఛార్జింగులో ఉండగా చేతికి సన్నగా జివ్వుమంటోందా? చాలాసార్లు ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడం వల్లే. మూడు పిన్నుల ఛార్జరుని రెండు పిన్నుల ప్లగ్గులోకి ఇరికించకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఓల్టేజీ ఒక్కసారిగా ఎగసిపడితే కాపాడటానికి మంచి స్పైక్ గార్డు ఒకటి కొనండి. ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచి వాడేవాళ్లు, కంపెనీ ఇచ్చే సెట్టింగులో ఛార్జిని 80 శాతం దగ్గర ఆపేస్తే బ్యాటరీ ఎక్కువకాలం వస్తుంది.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం ఆ 80 తీసేసి నూరు దాకా ఎక్కించండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకి కరెంటు పోవడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌నీ పెన్‌డ్రైవ్‌నీ రెండు వేరు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, గోదావరి లంకల్లో ఉన్నవాళ్లయితే అటక మీద పెట్టండి.