గ్రాఫు తప్పుతోందా? ముందు కారణాంకాలు చూడండి

పట్టిక వేసి, బిందువులు కలిపేస్తే గ్రాఫు వచ్చేస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. కానీ ఆకారం ఎలా ఉంటుందో కారణాంకాలే చెబుతాయి. ఈ ఒక్క బహుపదిని పట్టుకుని చూద్దాం:

వై = (ఎక్స్ + 1)(ఎక్స్ − 2)²

సమస్య: 2 దగ్గర గీత అక్షాన్ని దాటి కిందికి పోయింది

నేను దిద్దే పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. శూన్యం (వై విలువ సున్నా అయ్యే చోటు, ఇక్కడ −1, 2) కనిపించగానే గీత దాటించేస్తారు, బ్రాకెట్ మీదున్న ఘాతాన్ని చూడరు. 2కి అటూ ఇటూ విలువలు వేయండి. 1.9 దగ్గర 2.9 × 0.01 = 0.029. 2.1 దగ్గర 3.1 × 0.01 = 0.031. రెండూ ధనాత్మకమే! అంటే గీత పైనుంచి దిగి, అక్షాన్ని తాకి, మళ్లీ పైకే పోతుంది. అక్కడ (ఎక్స్ + 1) విలువ దాదాపు 3 కాబట్టి ఆ చిన్న ముక్క అచ్చం 3(ఎక్స్ − 2)² పరావలయంలా ఉంటుంది.

ఘాతం సరిసంఖ్య అయితే తాకి వెనక్కి, బేసిసంఖ్య అయితే దాటి అవతలికి. ఘాతం 3 అయితే దాటే చోట కాస్త చదునుగా గీయాలి.

సమస్య: చివరలు తలకిందులయ్యాయి

అంతా విస్తరించక్కర్లేదు. ప్రతి బ్రాకెట్ నుంచి ఎక్స్ పదాన్ని మాత్రం తీసి గుణించండి. ఇక్కడ ఎక్స్³ వస్తుంది, గుణకం ధనాత్మకం. కాబట్టి ఎడమ చివర కిందికి, కుడి చివర పైకి. (2 − ఎక్స్) లాంటి కారణాంకం ఉంటే గుర్తు మారిపోతుంది, జాగ్రత్త. అదే (2 − ఎక్స్)² అయితే ఏమీ మారదు.

సమస్య: మూపురం ఎక్కడో అర్థం కావట్లేదు

−1కి, 2కి సరిగ్గా మధ్యన 0.5 దగ్గర పెట్టేస్తారు. అది వర్గ బహుపదులతో వచ్చిన అలవాటు. 0.5 దగ్గర విలువ 3.375 మాత్రమే, 0 దగ్గర 4 ఉంది. ఇంటర్ పిల్లలైతే అవకలనం చేయండి: 3ఎక్స్(ఎక్స్ − 2) వస్తుంది. అది సున్నా అయ్యేది 0, 2 దగ్గర, మలుపులు అక్కడే. శిఖరం సరిగ్గా వై అక్షం మీదే ఉంది. ఘన బహుపదికి రెండు మలుపులకు మించి ఉండవు, మూడోది గీసి ఉంటే చెరిపేయండి.

సమస్య: గ్రాఫు పేపర్లో పట్టట్లేదు

ఎక్స్ = −2 దగ్గర విలువ −16. దాన్ని ఇరికించాలని స్కేలు మార్చితే 4 ఎత్తున్న మూపురం నలిగిపోతుంది. ఆ తోకను పేపరు అంచు దాటి పోనివ్వండి, కింద బాణం గుర్తు పెడితే చాలు.