మండె కట్టిన గింజల వేడిని కొలవడం ఎలా?

యాసంగి నారు పోసే చలిరోజుల్లో వరంగల్, జనగామ ప్రాంతాల రైతులు నానబెట్టిన వడ్లను గోనెసంచిలో పోసి, పైన గడ్డి కప్పి మండె కడతారు. మరునాడు సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ వేడి గడ్డిది కాదు, గింజలది. గడ్డి దానిని బయటకు పోనివ్వదు, అంతే. మొలకెత్తే గింజ తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆక్సిజన్ సాయంతో విడగొట్టి శక్తిని పొందుతున్నప్పుడు, కణాలు శక్తిని దాచుకుని వాడుకునే ఏటీపీ అణువులలోకి చేరని భాగం వేడిగా వెలువడుతుంది. దీనిని బడిలోనో ఇంట్లోనో కొలిచి చూడవచ్చు.

ఇందుకు పెసలు అనుకూలం, ఎందుకంటే అవి త్వరగా మొలకెత్తుతాయి. అరకిలో పెసలను రాత్రంతా నానబెట్టి, నీరు వంపి, తడిగుడ్డలో మూటగట్టి మొలకలు రానివ్వాలి. పోల్చి చూసేందుకు వాటిలో సగం ఉడికించి చల్లార్చాలి. ఉడికిన గింజలు చచ్చినా, వాటిపై పెరిగే బూజు, బ్యాక్టీరియా కూడా శ్వాసించి వేడిని పుట్టిస్తాయి కనుక, రెండు భాగాలనూ పలుచని బ్లీచింగ్ నీటితో, ఆపై మంచినీటితో కడగాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే. అప్పుడు రెండు భాగాలూ వేడెక్కి ప్రయోగం చెడుతుంది.

ఒకే రకమైన రెండు థర్మాస్ ఫ్లాస్కులలో వీటిని విడివిడిగా నింపి, థర్మామీటరు బల్బు గింజల నడుమ ఉండేలా దించి, మూతికి దూది వదులుగా పెట్టాలి. జ్వరం చూసే థర్మామీటరు 35 డిగ్రీలకు తక్కువ చూపదు కనుక ప్రయోగశాలదే కావాలి. రబ్బరు బిరడా బిగించకూడదు. ఆక్సిజన్ అందితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు దక్కుతాయి, అందక పులియడం మొదలైతే 2 మాత్రమే దక్కుతాయి, వెలువడే వేడి కూడా బాగా తగ్గుతుంది.

రెండు రోజులపాటు కొన్ని గంటలకొకసారి రెండు అంకెలనూ రాసుకోవాలి. మన ఎండాకాలంలో ఉడికిన గింజలు కూడా గది వేడికి వెచ్చబడతాయి, అందుచేత మొదటిరోజు అంకెతో కాక, ఒకే సమయంలో రెండు ఫ్లాస్కుల మధ్య ఉన్న తేడాతోనే నిర్ణయించాలి.

వెలువడే వాయువును కూడా చూడదలచినవారు కొన్ని మొలకలను సీసాలో వేసి, లోపల చిన్న గిన్నెలో సున్నపు తేట ఉంచి, మూత బిగించాలి. కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా తెల్లబడుతుంది. సీసాకు నల్లగుడ్డ చుట్టడం అవసరం, ఎందుకంటే వెలుతురు తగిలి పచ్చబడిన మొలకలు కిరణజన్య సంయోగక్రియలో ఆ వాయువును తిరిగి వాడుకోగలవు. తేట కళ్లలో పడకుండా చూసుకోవాలి. బ్లీచింగ్ నీటితో కడిగిన పెసలను తినకుండా ఎరువు గుంతలో వేయాలి.