నీళ్లు పడుతూనే ఉంటాయి, ఉతకడం మొదలుకాదు: వాషింగ్ మెషీన్ సమస్య - పరిష్కారం

లక్షణం

మెషీన్ ఆన్ చేయగానే లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. పది నిమిషాలైనా, ఇరవై నిమిషాలైనా ఆ చప్పుడు ఆగదు, లేదా ఆగినట్టే ఆగి మళ్లీ మొదలవుతుంది. డ్రమ్ము అప్పుడప్పుడూ ఒకటి రెండు చుట్లు తిరిగి ఊరుకుంటుంది, డిస్‌ప్లే మీద మిగిలిన సమయం తగ్గదు, చివరికి ఏదో ఒక ఎర్రర్ కోడ్ పడి మెషీన్ మొరాయిస్తుంది. ఎల్‌జీ మెషీన్లలో ఐఈ అనీ, శాంసంగ్‌లో 4సీ లేదా 4ఈ అనీ, బాష్‌లో ఈ17 అనీ కనిపించేవి ఈ కోవకు చెందిన కోడ్లే.

ఈ కోడ్‌ను చాలామంది ‘నీళ్లు రావడం లేదు’ అని అర్థం చేసుకుని, మెకానిక్‌కు కూడా అదే మాట చెబుతారు. కానీ మెషీన్‌కు తెలిసింది అంత లేదు. తాను ఎదురుచూసినంత సేపటిలో లోపలి నీటిమట్టం అందవలసిన చోటికి అందలేదన్నది ఒక్కటే దానికి తెలుసు. నీళ్లు సరిగా రాక అందలేదా, వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోవడం వల్ల అందలేదా అన్నది మనం చూసుకోవలసిన విషయం. మొదటిది అందరూ ఊహించేదే కాబట్టి దాన్ని ముందుగా, త్వరగా తేల్చేద్దాం.

నీళ్లు వస్తున్నాయా? బకెట్ పెట్టి చూడండి

కుళాయి పూర్తిగా తిప్పి ఉందా, మెషీన్‌ను గోడకు నెట్టినప్పుడు ఇన్‌లెట్ పైపు మడత పడిందా అన్నవి చూసే ఉంటారని అనుకుంటున్నాను. చూడకపోతే ఇప్పుడే చూడండి. కేవలం ఈ రెండింటి కోసం విజిటింగ్ ఛార్జీలు చెల్లించిన ఇళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి.

తర్వాత కుళాయి కట్టేసి, ఇన్‌లెట్ పైపును మెషీన్ వెనుక భాగం నుంచి విప్పి, దాని కొసను 10 లీటర్ల బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పండి. బకెట్ రెండు నిమిషాల లోపల నిండితే నీటి సరఫరాను అనుమానించనక్కరలేదు. పైపు విప్పిన చోట, నీళ్లను లోపలికి వదిలి ఆపే ఇన్‌లెట్ వాల్వు నోటిలో, చిన్న ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇందులో ఇసుక రేణువులు, సున్నపు పొర పేరుకుంటాయి. మేడమీది ట్యాంకు కడిగించిన మరునాడు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు పోయించుకున్న వారం, ఇది తప్పనిసరిగా చూడవలసిన చోటు. కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా బయటికి లాగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తెల్లటి గార పట్టి ఉంటే గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి కడిగితే సరిపోతుంది. కుళాయి వైపు అడాప్టర్‌లో కూడా ఇలాంటి జాలీ మరొకటి ఉండవచ్చు. ఎలాగూ మళ్లీ మూసుకుపోతుందని జాలీని తీసి పారేయడం మాత్రం చేయకండి. అప్పుడు ఇసుక నేరుగా వాల్వు లోపలికి వెళ్లి అక్కడి రబ్బరు బిళ్ల కింద చేరుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, స్విచ్ కట్టేసి ఉన్నా మెషీన్‌లో నీళ్లు చేరుతూనే ఉంటాయి.

జాలీ శుభ్రంగానే ఉండి, బకెట్ నిండడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంటే అది పీడనం సమస్య. పది మీటర్ల ఎత్తున్న నీటికి దాదాపు ఒక బార్ పీడనం ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో చిట్టచివరి అంతస్తులో ఉండేవారికి ట్యాంకు అడుగుభాగం కుళాయికి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే గొప్ప, అంటే అందేది 0.3 బార్ మాత్రమే. మెషీన్ల కనీస అవసరం మోడల్‌ను బట్టి 0.3 నుంచి 1 బార్ వరకు ఉంటుంది. పై అంతస్తువారు మెషీన్ కొనేముందు కిలోలు, నక్షత్రాలు, ప్రోగ్రాముల సంఖ్యతో పాటు ఈ ఒక్క అంకెను కూడా మాన్యువల్‌లో చూసుకుంటే తర్వాత ప్రెషర్ పంపు ఖర్చు తప్పవచ్చు. కొనేసినవారికి ఆ పంపే పరిష్కారం.

వచ్చిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

బకెట్ చక్కగా నిండింది, జాలీ శుభ్రంగా ఉంది, అయినా మెషీన్ నిండడం లేదు. ఇక్కడి నుంచి చాలా ఇళ్లలో జరిగే తతంగం ఒకటే. ఇన్‌లెట్ వాల్వు పోయిందంటారు, మారుస్తారు. తగ్గకపోతే నీటిమట్టాన్ని కొలిచే ప్రెషర్ సెన్సర్ అంటారు, అదీ మారుస్తారు. అప్పటికీ తగ్గకపోతే మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందని వేలల్లో అంచనా వేస్తారు. ఇంత జరిగినా డ్రెయిన్ పైపు కొసను ఎవరూ వంగి చూడరు. ముఖ్యంగా ఇల్లు మారిన వెంటనే, లేదా మెషీన్‌ను ఒక గది నుంచి మరో గదికి జరిపిన తర్వాత ఈ సమస్య మొదలైతే, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ పైపును చూడాలి.

కారణం అర్థం కావాలంటే ఒక్క విషయం తెలియాలి. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో నీళ్లు బయటికి పోయే దారికి తలుపు లేదు. కింద ఉన్న పంపు తిరిగితే నీళ్లు పోతాయి. తిరగకపోతే పంపు దారిని మూసి ఉంచదు, దాని రెక్కల మధ్య నుంచి నీళ్లు నిరాటంకంగా పారగలవు. మరి ఉతికేటప్పుడు నీళ్లు లోపలే ఎందుకు నిలుస్తాయి అంటే, డ్రెయిన్ పైపు మెషీన్ వీపు మీదుగా పైకి వెళ్లి, లోపలి నీటిమట్టం కంటే ఎత్తులో వంపు తిరుగుతుంది కాబట్టి. ఆ ఎత్తే తలుపు. నేల నుంచి కనీసం 60 సెంటీమీటర్లు, ఎక్కువలో ఎక్కువ 100 సెంటీమీటర్లు అని చాలా మాన్యువళ్లలో రాసి ఉండేది ఇందుకే: 60 కంటే తగ్గితే నీళ్లు వాటంతట అవే జారిపోతాయి, 100 దాటితే పంపు నెట్టలేక ఆయాసపడుతుంది.

పైపు అందడం లేదని వెనుక ఉన్న క్లిప్పు నుంచి దాన్ని ఊడదీసి, నేల మీదుగా బాత్‌రూమ్ జాలీ దాకా పరిచేశారనుకోండి. మొదటి చుక్క నుంచే నీళ్లు పై నుంచి పడుతుంటాయి, కింద నుంచి పోతుంటాయి. వేసిన సర్ఫు కూడా వాటితోనే పోతుంది. ఇది కనిపెట్టడం సులభం.

కనిపెట్టడం కష్టమైనది రెండో రకం. పైపు క్లిప్పులోనే ఉంటుంది, ఎత్తూ సరిగానే ఉంటుంది, కానీ దాని కొస కిందికి దిగి ఒక పీవీసీ పైపులో బిగుసుకుని ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల యుటిలిటీ బాల్కనీల్లో బిల్డర్ ఇచ్చే డ్రెయిన్ పాయింటు తరచుగా మోకాలి ఎత్తుకు మించదు. డ్రెయిన్ పైపును అందులో మూరెడు లోపలికి తోసి, బొద్దింకలు రాకుండా, వాసన కొట్టకుండా చుట్టూ పాత లుంగీ గుడ్డ కుక్కి, దానిపైన బ్రౌన్ టేపు నాలుగు చుట్లు చుట్టి ఉంచడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. చేసినవారు పనిమంతులే, కానీ గాలి చొరబడే సందు లేకుండా చేశారు. పంపు ఒకసారి నీళ్లు నెట్టి ఆగినప్పుడు ఆ పైపు నిండా నీళ్లు ఉండిపోతే, ఇంట్లో నీళ్లు నిల్వ చేసే పీపాలోంచి గొట్టం వేసి బకెట్‌లోకి దింపినట్టే, వంపు ఎంత ఎత్తులో ఉన్నా అవతలి నీళ్ల బరువు ఇవతలి నీళ్లను లాక్కుపోతుంది. సైఫన్ అనేది ఇదే. పైపులో నీళ్లు నిండి ఉంటేనే ఇది మొదలవుతుంది కాబట్టి ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. ఉతకడం బాగానే జరిగి జాడించే దశలో వస్తుంది. మెకానిక్ వచ్చిన రోజు మెషీన్ చక్కగా నడిచి ఆయన వెళ్లగానే మళ్లీ మొదలవుతుంది. బట్టలు సబ్బు జిగురుతో, కొన్నిచోట్ల అసలు తడవకుండా బయటికి వస్తే, సర్ఫు ఎక్కువైందనో తక్కువైందనో అనుకునే ముందు దీన్ని అనుమానించండి.

తేల్చుకునే పద్ధతి

మెషీన్ నీళ్లు పట్టుకుంటున్నప్పుడు, పంపు చప్పుడు లేని సమయంలో, డ్రెయిన్ పైపు కొస దగ్గర చెవి పెట్టండి, వీలైతే కొసను బయటికి తీసి చూడండి. పంపు తిరగకుండా అక్కడ నీళ్లు పారుతున్నాయంటే దొంగ దొరికినట్టే. కొస అందకపోతే మరో దారి ఉంది. అద్దంలోంచి నీళ్లు కనిపించేదాకా పట్టనిచ్చి, మెషీన్‌ను పాజ్ చేసి, కుళాయి కట్టేసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టి పది నిమిషాలు ఆగండి. బట్టలు కొంత పీల్చుకుంటాయి కాబట్టి ఈ పరీక్షను బట్టలు లేకుండా చేయాలి. మట్టం గీత కంటే దిగితే నీళ్లు కిందినుంచి పోతున్నాయని అర్థం.

చివరిగా, డ్రెయిన్ పైపు కొసను పైకెత్తి మెషీన్ పైభాగం ఎత్తులో పట్టుకుని, పంపు నెట్టే నీళ్లు పడడానికి దగ్గర ఒక బకెట్ ఉంచుకుని, మళ్లీ నడపండి. నిమిషాల్లో నీళ్లు నిండి డ్రమ్ము మామూలుగా తిరగడం మొదలుపెడితే ఏ భాగమూ మార్చవలసిన అవసరం లేదు.

పరిష్కారం

పైపును వెనుక క్లిప్పులోకి మళ్లీ ఎక్కించండి. మెషీన్‌తో పాటు యు ఆకారంలో ఒక ప్లాస్టిక్ కొక్కెం ఇస్తారు. అది సాధారణంగా మాన్యువల్ ఉన్న పాలిథిన్ కవర్‌లోనే విప్పకుండా పడి ఉంటుంది. దాన్ని పైపు కొసకు తొడిగి, సింక్ అంచుకో నిలువు పీవీసీ పైపు నోటికో తగిలించాలి. కొస ఆ పైపులోకి 10 నుంచి 15 సెంటీమీటర్లు దిగితే చాలు. బయటి పైపు డ్రెయిన్ పైపు కంటే లావుగా ఉండి, చుట్టూ గాలి ఆడాలి. గుడ్డ, టేపు, ఎం-సీల్ ఏవీ పెట్టకూడదు. బొద్దింకలే బాధ అయితే ఆ సందుకు దోమతెర ముక్క కట్టండి. వాసనే బాధ అయితే పైపు కింద నీళ్లు నిలిచే ట్రాప్ లేదన్నమాట, అది ప్లంబర్ చేయవలసిన పని.

డ్రెయిన్ పాయింటు నేల మట్టంలో ఉంటే దానికి రెండు అంగుళాల పీవీసీ పైపును నిలువుగా 70 సెంటీమీటర్ల ఎత్తుకు లేపించుకోండి. అద్దె ఇల్లయి అతికించడం కుదరకపోతే, అంతే ముక్కను కింది కొస నేల జాలీలో ఉండేలా నిలబెట్టి, పక్కనున్న నీళ్ల పైపుకు తాడుతో కట్టి, డ్రెయిన్ పైపును దాని పైనోట్లో వదిలితే సరిపోతుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: గోడకు మేకు కొట్టి పైపును దానిమీదుగా తిప్పి, కొసను మళ్లీ నేలమీదికి వదిలేస్తారు. ఎత్తు వచ్చింది కానీ అవతల కిందికి దిగే కాలు మిగిలింది కాబట్టి సైఫన్ అవకాశం అలాగే ఉంది. పైపు కొస ఎత్తులోనే ముగియాలి, అక్కడినుంచి నీళ్లు లావుపాటి పైపులో గాలితో కలిసి పడాలి. ఇది ఏ విధంగానూ కుదరని చోట, సైఫన్‌ను తెంచే చిన్న గాలి వాల్వును డ్రెయిన్ పైపు వంపు దగ్గర పెట్టించుకోవచ్చు.

టాప్ లోడ్ వారికి ఇది వర్తించదు

పైన చెప్పింది చదివి టాప్ లోడ్ మెషీన్ పైపును గోడకు ఎక్కించకండి. మన దగ్గర అమ్మే ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి డ్రెయిన్ పంపు ఉండదు. ఒక వాల్వు తెరుచుకుని నీళ్లు వాటి బరువుతోనే పోతాయి. వాటి పైపు నేలమీదే ఉండాలి. గడప ఎక్కించినా నీళ్లు పోవడం మందగిస్తుంది, నడుము ఎత్తుకు లేపితే అసలు పోవు. పంపు ఉన్న టాప్ లోడ్ మోడళ్లు కూడా ఉన్నాయి కనుక మీది ఏదో మాన్యువల్‌లో చూసుకోండి.

నీళ్లు సరిగానే వస్తున్నా టాప్ లోడ్‌లో ఇదే లక్షణం కనిపిస్తే కారణం సాధారణంగా ఆ వాల్వులోనే ఉంటుంది. చొక్కా జేబులోని రూపాయి బిళ్ల, పిన్నీసు, జాకెట్ హుక్కు, పంచె అంచు దారాల ఉండ, వీటిలో ఏదో ఒకటి వాల్వు మూతికి అడ్డుపడి అది పూర్తిగా మూసుకోదు. పైపు కొస నుంచి సన్నటి ధార ఆగకుండా కారుతుంది. టబ్బు నిండా నీళ్లు పోసి, స్పిన్ ఒక్కటే ఎంచుకుని రెండు మూడుసార్లు వదిలితే ఆ ఉరవడికి దారాల వంటివి కొట్టుకుపోతాయి. బిళ్లలు, పిన్నీసులు పోవు. ప్లగ్గు తీసేసి వాల్వు విప్పవలసిందే. సెమీ ఆటోమేటిక్ అయితే నాబ్ ‘డ్రెయిన్’ మీద ఉండిపోయిందేమో చూడండి.

మిగిలినవి

నీటిమట్టాన్ని కొలిచే సెన్సర్‌కు టబ్బు అడుగు నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం వెళ్తుంది. అది ఊడినా, చిట్లినా, సబ్బు జిగురుతో మూసుకుపోయినా మట్టం తప్పుగా తెలుస్తుంది. అప్పుడు నీళ్లు నిజంగానే నిండి, అద్దంలో సగం పైదాకా కనిపిస్తున్నా ఇంకా పడుతుంటాయి. నీళ్లు కనిపించకపోవడానికీ, ఎక్కువగా కనిపించడానికీ మధ్య ఉన్న ఈ తేడాను మెకానిక్‌కు ఫోన్‌లోనే చెబితే ఆయన సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి. బోర్డు పోవడం అరుదు. పోతే సాధారణంగా ఈ ఒక్క లక్షణంతో ఆగదు.

ఇన్‌లెట్ వాల్వును కరెంటుతో తెరిచే తీగచుట్ట, అంటే కాయిల్, కాలిపోవడం జరుగుతుంది గానీ, కాయిల్ కాలితే నీళ్లు ఆగకుండా పడవు, అసలే పడవు. కాబట్టి నీళ్లు పడుతున్న చప్పుడు వింటూనే ‘వాల్వు కాయిల్ పోయింది’ అన్నవారిని, మెషీన్ ప్లగ్గు తీసేసి మల్టీమీటర్ పెట్టి చూపించమని అడగండి. 230 వోల్టుల వాల్వు కాయిల్ బాగుంటే మీటర్ సుమారు 3 నుంచి 5 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది.