కోడి నెత్తురులో కేంద్రకం ఉంటుంది, పొట్టేలుకు ఉండదు: స్లయిడ్ మీద చూడటం ఎలా?

మన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదని పదో తరగతి పిల్లాడు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కోడికి ఉంటుందంటే మాత్రం కళ్లతో చూస్తే గానీ నమ్మడు. అనంతపురంలో ఆదివారం పొద్దున చికెన్ సెంటర్లకు, పొట్టేలు మాంసం అంగళ్లకు కొదవ లేదు కాబట్టి సరుకు సులువుగానే దొరుకుతుంది.

రక్తపరీక్షలకు వాడే ఊదా మూత ట్యూబులు రెండు తీసుకెళ్లండి. అందులోని ఈడీటీఏ నెత్తురును గడ్డకట్టనివ్వదు. కోసిన వెంటనే గీత వరకు పట్టి, మూతపెట్టి, మెల్లగా ఎనిమిది నుంచి పది సార్లు తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే కణాలు పగిలిపోతాయి. కూరకని ఉప్పేసి పట్టిన నెత్తురు పనికిరాదు. గ్లౌజులు తప్పనిసరి. మనిషి నెత్తురు కోసం పిల్లల వేళ్లు గుచ్చొద్దు, రెడీమేడ్ స్లయిడ్ కొనండి.

స్లయిడ్ ఒక చివర చిన్న బొట్టు వేసి, ఇంకో స్లయిడ్‌ను వాలుగా ఆనించి, బొట్టు అంచంతా పాకాక ఒకే ఊపున ముందుకు తోయండి. పల్చటి పూత వస్తుంది. ఆరాక లీష్మన్ స్టెయిన్ (రక్తకణాలకు పట్టించే రంగు) వేసి రెండు నిమిషాలు ఆగండి. అందులోని మిథనాల్ కణాలను గాజుకు పట్టి ఉంచుతుంది (అది విషం, మంట దగ్గర వద్దు). తర్వాత దానిమీదే రెండింతలు నీళ్లు కలిపి, ఏడెనిమిది నిమిషాలయ్యాక కడిగేయండి.

ఈ నీళ్ల దగ్గరే మన బోర్లు దెబ్బకొడతాయి. ఉప్పు మరకలు పడతాయి, రంగు నీలంగా తిరుగుతుంది. బఫర్ (ఆమ్ల, క్షార గుణం మారకుండా నిలిపే ద్రావణం) లేకపోతే బ్యాటరీ వాటర్ వాడండి. యాసిడ్ కాదు, బ్యాటరీలో తగ్గినప్పుడు పోసే డిస్టిల్డ్ నీళ్లు!

400 రెట్లు పెంచి చూస్తే కోడి కణాలు గుమ్మడి గింజల్లా కోలగా, 12 మైక్రాన్ల పొడవున, నడుమ ముదురు ఊదా కేంద్రకంతో కనిపిస్తాయి. పొట్టేలువి 4.5 మైక్రాన్ల గుండ్రటి చిన్న కణాలు. మనవి 7 నుంచి 8.

పిల్లలు తడబడేది రెండుచోట్ల. మనిషి కణం నడుమ పాలిపోయిన మచ్చను కేంద్రకం అంటారు. అది కణం పల్చబడిన గుంట మాత్రమే, కేంద్రకమైతే ముదురుగా ఉండాలి. ఇక పొట్టేలు స్లయిడ్‌లో అక్కడక్కడ కేంద్రకంతో కనిపించే పెద్దవి తెల్లకణాలు.

కోలగా ఉంటే కేంద్రకం ఉన్నట్టేనా? కాదు. ఒంటె కణం కోలగానే ఉంటుంది, అయినా అదీ క్షీరదమే కాబట్టి కేంద్రకాన్ని ఎముక మజ్జలోనే బయటికి నెట్టేస్తుంది. చేప, కప్ప, బల్లి మాత్రం కోడి దారిలోనే ఉంటాయి.