సొంత మాటల్లో రాయడం: మూడవ పాఠం – పుస్తకం మూసి రాయండి

ఇతరుల వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టి, రచయిత పేరు, సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వాలని గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠం అంతకన్నా కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేసేవారిలో చాలామందికి తాము చేస్తున్నది కాపీ అనే అనిపించదు.

ఒక పుస్తకంలో ఈ వాక్యం ఉందనుకోండి: “1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికావడంతో గోదావరి డెల్టాలో కరువు భయం తగ్గి, వరి సాగు విస్తరించింది.” ఒక విద్యార్థి తన అసైన్‌మెంటులో దానిని ఇలా రాశాడనుకోండి: “1852లో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ముగియడంతో గోదావరి డెల్టాలో క్షామభీతి సన్నగిల్లి, వరి విస్తీర్ణం పెరిగింది.” కరువు క్షామమైంది, భయం భీతి అయింది, వాక్యం నడక, విషయాల వరుస మాత్రం మూల రచయితవే. తెలుగులో చాలా మాటలకు ఒక సంస్కృత పర్యాయపదం చేతికందేంత దూరంలో ఉంటుంది కాబట్టి ఈ అలవాటు మనకు తేలికగా అబ్బుతుంది.

దీనికి నేను నమ్మే పద్ధతి ఒకటే. పేరాను రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, ఆ సంగతి తెలియని చెల్లెలికో తమ్ముడికో చెబుతున్నట్టు పైకి చెప్పి, అప్పుడు కాగితం మీద పెట్టండి. పేర్లు, అంకెలు సరిచూసుకోవడానికి మాత్రమే మళ్లీ పుస్తకం తెరవండి. అప్పుడు వాక్యం ఇలా రావచ్చు: “గోదావరి డెల్టాలో వరి అంతగా పెరగడానికి రచయిత ధవళేశ్వరం ఆనకట్టను కారణంగా చూపుతారు, 1852లో అది పూర్తయ్యాకే అక్కడివారికి కరువు బెంగ తగ్గిందంటారు.” మాటలు మనవైనా ఆలోచన ఆయనదే కాబట్టి, దీని పక్కన కూడా పేరు, సంవత్సరం, పుట ఉండి తీరాలి. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి రాసినా ఇదే నియమం. భాష మారినంత మాత్రాన సొంతదారు మారడు.

“పది శాతం దాకా ఫరవాలేదట” అని విద్యార్థులు తరచూ అంటుంటారు. ఆ అంకె ఎత్తి రాయడాన్ని అరికట్టడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) తెచ్చిన 2018 నిబంధనలలోనిది. థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం అయితే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అయితే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు ఆ నిబంధనల పరిధిలోకి రావు. వాటికి మీ కళాశాల, మీ అధ్యాపకులు పెట్టిన నియమమే వర్తిస్తుంది, అక్కడ ఒక్క పేరా ఎత్తి రాసినా సున్నా పడవచ్చు. కనుక ఆ పది శాతాన్ని అనుమతిగా లెక్కవేసుకోకండి.

అభ్యాసం: మీ పాఠ్యపుస్తకంలో ఎనిమిది పంక్తుల పేరా ఒకటి తీసుకుని పై పద్ధతిలో రాయండి. తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, పేర్లు, సాంకేతిక పదాలు కాకుండా వరుసగా నాలుగు మాటలు కలిసిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. గీత పడిన ప్రతి చోటా ఉటంకింపు గుర్తులు పెట్టండి, లేదా పుస్తకం మూసి ఆ వాక్యం మళ్లీ రాయండి.